బూరెకి ప్లాను అప్రూవలు లేదు

చిలకలేరు పురపాలక సంఘం వారు విజ్ఞాన యాత్ర పేరుతో ఒక కొండ ఊరికి వెళ్ళొచ్చారు. అక్కడి మురుగు కాలవలు చూసి నేర్చుకోవాలని వెళ్ళారు. చలి చూసి, దుప్పట్లు కొనుక్కుని, తిరుగు ప్రయాణమయ్యే ముందు అతిథి గృహం మెట్ల మీద ఒక కుక్కను చూశారు. అది ముందుకాలెత్తి చైర్మన్ గారికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. సొంత ఊళ్ళో కాంట్రాక్టర్లు తప్ప ఆయన చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరు. ఆయన కళ్ళు చెమర్చాయి.

బస్సు కొండ దిగేలోపే తీర్మానం తయారైంది. పురపాలక సంఘ పరిధిలోని ప్రతి పెంపుడు కుక్కకూ, గుర్తింపు పొందిన వృత్తి శిక్షకులలో యజమాని స్వేచ్ఛగా ఎంచుకున్న వారి చేత శిక్షణ ఇప్పించవలెను. అట్లు కానిచో సదరు కుక్కను స్వాధీనపరచుకుని సంరక్షణ కేంద్రమునకు తరలించవలెను. సంరక్షణ కేంద్రమంటే చెత్త డంపింగ్ యార్డు వెనక రేకుల షెడ్డు. అక్కడికి వెళ్ళిన కుక్క తిరిగొచ్చిందని ఎవరూ చెప్పుకోగా వినలేదు.

ఈ పని ఏ విభాగం చూడాలన్నది తేలలేదు. కరిస్తే మాది, లేకపోతే కాదు అన్నారు ఆరోగ్యం వాళ్ళు. చస్తే మాది అన్నారు పారిశుధ్యం వాళ్ళు. ఆ రోజు టౌన్ ప్లానింగ్ అధికారి దివాకరం బావమరిది నిశ్చితార్థానికి వెళ్ళి సెలవులో ఉన్నాడు. కాదనే మనిషి లేడు కాబట్టి ఫైలు ఆయన బల్ల మీద పెట్టేశారు.

దివాకరానికి ఇళ్ళ ప్లాన్లు తెలుసు, అక్రమ కట్టడాలు తెలుసు. మూడోది తెలియదు. తెలిసిన చట్టాన్నే తెచ్చి కుక్కకు తొడిగాడు. ఏమీ రాని కుక్క ఖాళీ స్థలం. నేర్పింది కట్టడం. నేర్పేవాడు లైసెన్సుదారు. అనుమతి లేకుండా నేర్పితే అది అక్రమ నిర్మాణం. కమిషనర్ గారు చదివి, ఇంత స్పష్టమైన ఫైలు తన సర్వీసులో చూడలేదని రాసి సంతకం చేశారు.

ఇక అంకమ్మరావు సంగతి. పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసి చేసి రిటైరైనవాడు. మనుషుల్ని కూడా ఆకుల్లాగే వేళ్ళతో తడిమి, పనికిరాదని పక్కన పెట్టేవాడు. పక్కన పెట్టని మనిషి ఒక్కతే, భార్య వజ్రమ్మ. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇంట్లో మిగిలింది ఆయనా, ఆమె పెంచిన కుక్కా. మురిక్కాలవ పక్కన దొరికిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని, మూకుట్లోంచి అప్పుడే తీసినట్టుందని దానికి బూరె అని పేరు పెట్టింది.

వజ్రమ్మ దానికి ఎవరి దగ్గరా పాఠం చెప్పించలేదు. ఇంటి పని చేసుకుంటూ తనే నాలుగు మాటలు నేర్పింది. అన్నం పెట్టేటప్పుడు "పీటేశా" అంటే బూరె బుద్ధిగా కూర్చునేది. "చుట్టాలు" అంటే మంచం కిందికి వెళ్ళి పడుకునేది. "చాల్లే" అంటే మొరగడం ఆపేది. సందె వేళ వాకిట్లో నిలబడి "దీపం పెట్టా" అంటే ఏ వీధిలో ఉన్నా ఇంటికొచ్చేది. ఆమె పోయాక ఆ ఇంట్లో రోజంతా పలికే మాటలు ఆ నాలుగే. అంకమ్మరావు వాటిని ఆమె అన్నట్టే అనేవాడు. అలా అంటున్నంతసేపూ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుండేది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే రకం కాదు.

సర్వేకని వార్డు ఉద్యోగిని ఒకమ్మాయి టాబ్ పట్టుకుని వచ్చింది. కుక్కకు శిక్షణ ఉందా అని అడిగింది. అంకమ్మరావుకి ఆ వయసులో గొప్పలు చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే. పళ్ళెం కింద పెట్టి "పీటేశా" అన్నాడు. బూరె కూర్చుంది.

"చూశావుగా. మీ ఆఫీసులో ఎవురన్నా కూర్చుంటారా అమ్మా ఇంత బుద్ధిగా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. ఎవరు నేర్పారని అడిగింది. మా ఆడమనిషి అన్నాడు. ఆవిడకు లైసెన్సు ఉందా అని అడిగింది. మనిషే లేదన్నాడు. ఆ అమ్మాయి నిట్టూర్చి, సంచీలోంచి ఎర్ర రంగు డబ్బా తీసి, రోడ్డు వెడల్పుకని గోడల మీద వేసినట్టే బూరె వీపు మీద ఇంటూ గుర్తు వేసింది. మర్నాడు నోటీసొచ్చింది. ప్లాను లేకుండా లేచిన ఒక అంతస్తు శిక్షణ కంటబడినదనీ, లోపల మరికొన్ని ఉండవచ్చుననీ, అన్నింటినీ లైసెన్సుదారు చేత కూల్పించి, ఖాళీ అయిన కుక్కకు కొత్త శిక్షణ ఇప్పించాలనీ, నెలలోగా పని మొదలుపెట్టకపోతే కుక్కను తరలిస్తామనీ సారాంశం.

ఎదురింటి లక్ష్మీకాంతమ్మ కుక్క పేరు టైగర్. పాలవాణ్ణి, పోస్టుమాన్‌ని, సొంత అల్లుణ్ణి కరిచింది. దాన్ని 'ఖాళీ స్థలం, వివాదరహితం' అని రాసుకుని, శిక్షణకు తీరిగ్గా గడువిచ్చి, మెచ్చుకుని వెళ్ళారు. కిరసనాయిల్ గుడ్డతో బూరె వీపు తుడుస్తున్న అంకమ్మరావుని చూసి లక్ష్మీకాంతమ్మ గుమ్మంలోంచే పరామర్శించింది.

"మా దానికేం రాదన్నయ్యా, అందుకే దాని జోలికి ఎవురూ రాలా. నేర్పిన పాపం మా వదినది."

అంకమ్మరావు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాడు. దివాకరం మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. ఆయన వెనక గోడ మీద పెద్ద బోర్డు. ఆమోదిత ఆజ్ఞలు: ఆసీనము, ఆగమనము, నిర్గమనము. అధికార భాషలోనే ఉండాలని పైనుంచి ఉత్తర్వు.

ముసలాయన చెప్పదలుచుకున్నది ఒకటే. ఆ కుక్క మాట వింటుంది, ఎవర్నీ కరవదు, దాన్ని వదిలెయ్యండి.

"మీ కుక్క సత్ప్రవర్తన మీద ఈ కార్యాలయానికి ఎటువంటి అభ్యంతరమూ లేదండీ," అన్నాడు దివాకరం. "అభ్యంతరమల్లా ఆ సత్ప్రవర్తనకు అనుమతి లేకపోవడం మీదనే. రేపు అనుమతి లేని మంచితనాన్ని ఉపేక్షిస్తే, ఎల్లుండి ఊరంతా ఎవరికి తోచిన మంచితనం వాళ్ళు కట్టుకుంటూ పోతారు. పట్టణ ప్రణాళిక ఏమవుతుంది?"

"కూల్చి మళ్ళీ అదే గదా కట్టేది. కూర్చోటమేగా."

"కూర్చోవడం వేరు, ఆసీనమవడం వేరు. మీరు శిక్షకుణ్ణి జాగ్రత్తగా ఎంచుకోండి. నాలుగు చోట్ల వాకబు చెయ్యండి. పద్ధతులు అడగండి, పాత విద్యార్థుల్ని చూడండి. ఎంపికలో పూర్తి స్వేచ్ఛ మీకుంది."

జాబితాలో ముగ్గురే ఉన్నారు.

మొదటివాడు నరహరి. మొన్నటిదాకా ఇళ్ళకు ప్లాన్లు గీసేవాడు. బూరెను బల్ల మీద నిలబెట్టి టేపుతో కొలిచి, నీలం కాగితం మీద ముందు వైపు, పక్క వైపు గీశాడు. గీసి, పెదవి విరిచాడు. తోక ఈశాన్యంలో పడిందట, అక్కడ బరువు ఉండకూడదట. అది ఇటు తిరిగితే నైరుతిలోకి పోదా అని అడిగాడు అంకమ్మరావు. అదే దోషమన్నాడు నరహరి, నిర్మాణానికి స్థిరత్వం లేదు.

పద్ధతి అడిగితే ఉత్సాహంగా చెప్పాడు. కుక్కను ఆరు నెలలు తన దగ్గర వదలాలి. చీకటి గదిలో పెట్టి నిఘంటువు తీసి, అకారం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మాటా వినిపిస్తాడు. ఏ మాటకు చెవి కదిలితే ఆ మాట పట్టుకుని వేళ్ళతో సహా లాగేస్తాడు. క్షకారం దాకా వెళ్తాడు. ఒక్క మాట కూడా దాక్కోలేదు.

"అదుగో, ఆ మూల ఉన్నది డాక్టరు గారి కుక్క. పూర్తిగా శుభ్రం చేశాను. పేరు కూడా మిగల్లేదు."

మూల కట్టేసిన కుక్క గోడకేసి చూస్తోంది. అంకమ్మరావు నాలిక చప్పరించాడు, చిటికె వేశాడు. అది తల తిప్పలేదు. ఆయన బూరెను బల్ల మీంచి దించి చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. అది నడవగలదని వీధి చివర గుర్తొచ్చింది.

రెండో శిక్షకురాలు మంజీర మేడం. ఇదివరకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేది. ఆమె హాల్లోకి కుక్కలకు ప్రవేశం లేదు. అవి చెప్పుల దగ్గర బయట కూర్చున్నాయి. లోపల చాప మీద ఆరుగురు యజమానులు మోకాళ్ళ మీద ఉన్నారు. బ్యాంకు మేనేజరు ఒకాయన నోట్లో బిస్కెట్టు పెట్టుకుని, నమలకుండా, మేడం సైగ కోసం ఎదురుచూస్తున్నాడు. కిందటి నెల నమిలేశాడట. ఇప్పుడు చాలా మెరుగు.

మాటలు కుక్కలో ఉండవని మేడం సెలవిచ్చింది. యజమానిలో ఉంటాయి. యజమాని ఖాళీ అయితే కుక్క తనంతట తనే ఖాళీ అవుతుంది.

"మీ మిసెస్ నేర్పిన ప్రతి మాటా అందరి ముందూ చెప్పాలంకుల్. చెప్పి, ఏడ్చి, బయటికి పంపించెయ్యాలి. ఇక్కడ అందరూ ఏడ్చారు. మేనేజర్ గారైతే రెండుసార్లు."

శ్మశానంలో ఏడవని మనిషి ఫీజు కట్టి ఏడవడు. అంకమ్మరావు చెప్పులేసుకున్నాడు.

ఇంటికొచ్చి ఆలోచించాడు. ఇన్నాళ్ళు ఆకు చూసిన మనిషి, తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు. ఊరంతా మంచి శిక్షకుడెవరని వెతుకుతోంది. మంచివాడు బూరె లోపలికంటా తొంగి చూస్తాడు, నాలుగు మాటలూ పట్టుకుంటాడు. తనకు కావలసింది చూడనివాడు, చూడదలుచుకోనివాడు. పని రానివాడు. పని రానివాణ్ణి వెతకడం చిలకలేరులో కష్టమేమీ కాదు.

మూడోవాడు ఏడుకొండలు. రోడ్లు, కల్వర్టుల కాంట్రాక్టరు. కుక్కల లైసెన్సు కూడా ఒకటి పడుంటుందని తీసుకున్నాడు. బూరె గుమ్మంలోకి రాగానే కుర్చీ మీదికెక్కి కూర్చున్నాడు.

"బాబాయ్, దాన్ని ఆ స్తంభానికి కట్టెయ్. నాకు చిన్నప్పట్నుంచీ కుక్కంటే పడదు."

"ఎన్నింటికి నేర్పావయ్యా ఇప్పటిదాకా?"

"ఊళ్ళో సగం కుక్కలు నావే. ఒక్కదాన్నీ ముట్టుకోలా."

"మరి సర్టిఫికెట్లు?"

"అయ్యన్నీ పక్కా."

అంకమ్మరావుకి మనసు కుదుటపడింది. ఏడుకొండలు ఒక ప్రతిపాదన కూడా పెట్టాడు. స్థలం బిల్డరుకిచ్చినట్టు కుక్కను డెవలప్‌మెంటుకి ఇవ్వొచ్చు. అరవై, నలభై. తలా ముందుకాళ్ళూ ఓనరుకి, వెనక భాగం తనకి. వెనక భాగంతో నువ్వేం చేస్తావని అడిగితే, గోడౌన్ల కాపలాకి అద్దెకిస్తానన్నాడు. దొంగకి దూరంనుంచి తోక కనపడితే చాలు.

"అయ్యేమీ వద్దులే. నోటీసు పని చూడు," అన్నాడు అంకమ్మరావు.

ఏడుకొండలు కాగితం తీసి, అక్రమంగా ఏమేం మాటలున్నాయో నువ్వే చెప్పు, రాసుకుంటానన్నాడు. పీటేశా అన్న మాట ఎలాగూ సర్వేకి దొరికిపోయింది. దాన్ని దాచలేడు. అది చెప్పాడు. ఒక్కటే అంటే నమ్మరు, నోటీసులో మరికొన్ని ఉండవచ్చునని ఉంది. అంకమ్మరావు ఇంకో మూడున్నాయన్నాడు. ఆసీనము, ఆగమనము, నిర్గమనము. ఏడుకొండలు తల ఎత్తకుండా రాసుకున్నాడు. ఆఫీసులో ఆ బోర్డు బిగించిన కాంట్రాక్టు అతనిదే. చదవలేదు.

కూల్చివేత రోజు వీధి నిండిపోయింది. కూల్చివేత స్థలంలో యంత్రం, బందోబస్తు, వీడియో ఉండి తీరాలని మాన్యువల్లో ఉంది కాబట్టి జేసీబీ వచ్చింది, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. షెడ్డుకి పోయే వ్యాను తలుపులు తెరుచుకుని సిద్ధంగా నిలబడింది. జేసీబీ డ్రైవరు ఎక్కడ తవ్వాలని అడిగాడు. ఊరికే ఇంజను ఆన్‌లో ఉంచమన్నాడు దివాకరం. బూరె వాకిట్లో నిలబడి ఆ ఇనప కొండ వంక చూస్తోంది.

దివాకరం కాగితం అందుకుని కంఠం సవరించుకున్నాడు. "ఆసీనము" అన్నాడు. బూరె జేసీబీని చూస్తూనే ఉంది. మళ్ళీ అన్నాడు. కదల్లేదు. "మొదటి అంతస్తు సమూలంగా కూల్చబడినది" అని చెప్పి రాయించాడు. ఆగమనమూ అంతే, నిర్గమనమూ అంతే. ఇంత చక్కటి కూల్చివేత చిలకలేరులో జరగలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఏడుకొండలు జేసీబీ మీదినుంచే నమస్కారం పెట్టాడు. అతను కుక్కకి అందనంత ఎత్తులో డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

దివాకరం నాలుగో మాట తనే అనబోయి ఆగాడు. ఇది ప్రత్యక్షంగా కంటబడిన కట్టడం కనుక యజమాని స్వయంగా పలకాలి. కుక్క కూర్చుంటే యజమానే దండించాలి. కూర్చోవడం మానేదాకా. ఏడుకొండలు పైనుంచి ఒక బెత్తం కిందికి జార్చాడు.

"నా వల్ల గాదండీ," అన్నాడు అంకమ్మరావు.

"మీ వల్ల కాకపోతే వ్యాను ఉంది," అన్నాడు దివాకరం, మర్యాదగానే. "ఎంపికలో పూర్తి స్వేచ్ఛ మీది."

అంకమ్మరావు వ్యాను వంక చూశాడు. బెత్తం తీసుకున్నాడు.

"పీటేశా."

బూరె కూర్చుంది. ఆయన కొట్టాడు. అది ఉలిక్కిపడి, తను సరిగ్గా కూర్చోలేదు కాబోలనుకుని, కాళ్ళు దగ్గరికి లాక్కుని, వెన్ను నిటారుగా పెట్టి ఇంకా బుద్ధిగా కూర్చుంది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ కొట్టాడు. అది తోక కూడా ముడుచుకుని కూర్చుంది. వజ్రమ్మ దగ్గర కూడా ఎప్పుడూ అంత బాగా కూర్చోలేదు. లక్ష్మీకాంతమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. వీడియో తీసేవాడు బ్యాటరీ చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

ఎన్నిసార్లయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి ఆయన పీటేశా అనగానే బూరె లేచి నిలబడింది. నిలబడి, ఒళ్ళంతా వణుకుతూ, కూర్చోకుండా ఆయన ముఖంలోకే చూసింది.

"కూల్చివేత సంపూర్ణం," అన్నాడు దివాకరం. "సహకరించినందుకు కృతజ్ఞతలు."

తర్వాతి వారం కొత్త శిక్షణకు శంకుస్థాపన. దివాకరం మళ్ళీ వచ్చాడు. పురోహితుడు బూరె ముందు కొబ్బరికాయ కొట్టాడు. మొదటి ఆజ్ఞ దివాకరమే ప్రారంభించాలి. నోరు తెరిచాడు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆసీనము అన్న మాట ఈ కుక్కలోంచి సమూలంగా కూల్చినట్టు తన సంతకమే ఉంది. ఒకసారి కూల్చిన కట్టడాన్ని అదే స్థలంలో తిరిగి లేపరాదని మాన్యువల్లో ఉంది. ఆ నిబంధన తయారు చేసిన కమిటీలో ఆయనే సభ్యుడు. మిగతా రెండు మాటలదీ అదే గతి. బోర్డు మీద నాలుగోది లేదు.

దివాకరం తడబడినా తేరుకోగల మనిషి. బూరెను 'శాశ్వత నిర్మాణ నిషిద్ధ ప్రాంతం'గా ప్రకటించాడు. ఇకమీదట దానికి ఎవరైనా, యజమానితో సహా, ఏదైనా నేర్పినా, నేర్పినట్టు కనిపించినా శిక్షార్హులు. అది ఏడాదికోసారి ఆఫీసుకు వచ్చి ఏమీ రాదని నిరూపించుకోవాలి. ఆ మేరకు మెడలో రేకు బోర్డు కట్టారు. చైర్మన్ గారు ఫొటో కోసం చెయ్యి చాచారు. బూరె దూరం జరిగింది. నిబంధనలకు లోబడిన ప్రవర్తనగా దాన్ని కూడా నమోదు చేశారు.

కుక్క దక్కింది. మూడు మాటలు దక్కాయి. అంకమ్మరావు వాటిని ఇప్పుడు తలుపేసుకుని, పక్కింటికి వినపడకుండా అంటాడు. సందె వేళ వాకిట్లో నిలబడి పిలవడానికి లేదు. అందుకని బూరెను వీధిలోకే వదలడు. అన్నం మాత్రం మౌనంగా పెడతాడు. పళ్ళెం చప్పుడు కాగానే అది లేచి నిలబడి, ఆయన చేతిలో ఏముందో చూసుకుని, నిలబడే తింటుంది.

ఏడాది చివర పురపాలక సంఘం ప్రగతి నివేదిక వెలువడింది. శునక విభాగంలో బూరె పేరుకెదురుగా, ఆ ఏడు నాలుగు అక్రమ నిర్మాణాలను విజయవంతంగా తొలగించినట్టు అందులో అచ్చయింది. మూడు ఎన్నడూ లేనివి. ఒకటి వజ్రమ్మది.